మొదటిసారి ఎడారి ట్రెక్: బరంపురం వైపు మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా థార్ ఎడారిలో నడవాలని బయల్దేరే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, డౌట్లు మాత్రం ఎప్పుడూ అవే. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నా. ఇది జైసల్మేర్ చుట్టుపక్కల చలికాలంలో నాలుగైదు రోజులు, రోజుకి 12-15 కిలోమీటర్లు కాళ్లతో నడిచే ట్రెక్ గురించి. సామ్ ఇసుక దిబ్బల దగ్గర ఒంటె ఎక్కి ఫొటో దిగి రాత్రికి హోటల్‌కి వచ్చేసే ట్రిప్పుకి ఇదంతా అక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరకి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు.

## వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మనం ఎండకి అలవాటు పడ్డవాళ్లమే కదా, ఎడారి మనకేటి కష్టం?

మన ఎండ వేరు, అక్కడిది వేరు. గంజాం తీరంలో గాలి నిండా తేమ, నాలుగడుగులు వేస్తే చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతుంది, ఎంత చెమట పోతోందో కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరూ చెప్పకుండానే నీళ్లు తాగుతాం. థార్‌లో గాలి పొడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చర్మం ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, "నాకసలు చెమటే పట్టట్లేదు" అని సంబరపడుతూ మధ్యాహ్నం దాకా అర లీటరుతో నెట్టుకొచ్చినవాళ్లే సాయంత్రానికి తల పట్టుకుని కూర్చుంటారు. చొక్కా వీపు మీద తెల్లగా ఉప్పు చారలు కనిపిస్తాయి చూడండి, పోయిన చెమటకి లెక్క అదే. డిసెంబర్, జనవరిలో పగలు 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి అసలు పరీక్ష వేడితో కాదు, పొడిగాలితో, కాళ్ల కింద జారే ఇసుకతో, రాత్రి చలితో. మనవాళ్లు వేడికి మాత్రం రెడీ అయ్యి మిగతా మూడూ వదిలేసి వెళ్తారు.

ఏ నెలలో వెళ్తే మంచిది? పిల్లలకి వేసవి సెలవుల్లో కుదురుతుంది.

నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. వేసవి మాట అసలు ఎత్తొద్దు, అదే జోధ్‌పూర్, జైసల్మేర్ వైపున్న ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది, మన దేశంలో ఇప్పటిదాకా అదే రికార్డు. పిల్లల్ని క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో తీసుకెళ్లండి.

నాకు 52 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటాను. వెళ్లొచ్చా?

వయసు అడ్డు కాదు, రోజూ ఆరేడు కిలోమీటర్లు నడిచే 52 ఏళ్లాయన ఎప్పుడూ నడవని పాతికేళ్ల కుర్రాడి కన్నా బాగా నడుస్తాడు. చూసుకోవాల్సింది మాత్ర గురించి. కొన్ని బీపీ మందులు ఒంట్లో నీటిని మూత్రంలో బయటికి పంపేవి, పొడిగాలిలో రోజంతా నడుస్తూ అవి వేసుకుంటే నీరసం, కళ్లు తిరగడం తొందరగా వస్తాయి. డోసు మార్చాలా వద్దా అన్నది మీ డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపేయొద్దు. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి, పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ లేచినా తెలీదు, అలాంటివాళ్లు పూటపూటా షూ విప్పి పాదం కళ్లతో చూసుకోవాల్సిందే.

ఒక్కడినే వెళ్లి జీపీఎస్ చూసుకుంటూ నడవొచ్చా?

మొదటిసారి వద్దు. ఇసుక దిబ్బలన్నీ ఒకేలా కనిపిస్తాయి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఆ ఊరివాళ్లకే తెలుసు, పైగా అది పాకిస్తాన్ సరిహద్దు జిల్లా, ఒక హద్దు దాటి ముందుకెళ్లాలంటే పర్మిషన్ కావాలి. ఆ ప్రాంతంలో కొంత డెజర్ట్ నేషనల్ పార్క్ కిందకి వస్తుంది, దానికి వేరే రూల్స్. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా చాలా ఏళ్లుగా చలికాలంలో జైసల్మేర్ వైపు గ్రూప్ ట్రెక్‌లు పెడుతోంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి అలాంటివే నయం. లోకల్ గైడ్‌తో నలుగురైదుగురు కలిసి వెళ్లినా పర్లేదు. భాష గురించి బెంగ అక్కర్లేదు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, టీవీలో హిందీతో పెరిగినవాళ్లం, మార్వాడీ యాసలో హిందీ రెండో రోజుకి అర్థమైపోతుంది.

మన దగ్గర్నుంచి రైలు ప్రయాణం అయ్యాక వెంటనే నడవగలమా?

వద్దు. ఎటు తిప్పి వెళ్లినా రెండు రోజులు బెర్త్ మీదే ఉంటారు, కాళ్లు వాచి ఉంటాయి, నిద్ర సరిగ్గా ఉండదు, బాత్రూంకి లేవాలని బద్ధకించి నీళ్లు కూడా తక్కువ తాగుతారు. ఒక రోజు ముందే చేరి కోట చూస్తూ తిరగండి, నీళ్లు బాగా తాగండి, రాత్రి నిండా పడుకోండి. ఆ ఒక్క రోజు మిగుల్చుకుందామని చూస్తే మొదటి రోజు నడకలోనే కక్కిస్తుంది.

## ప్రాక్టీస్

ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి?

మూడు నెలలు చాలు, నాలుగుంటే ఇంకా మంచిది. డిసెంబర్ ట్రెక్ అయితే ఆగస్టులోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అక్టోబర్ మనకి తుఫాను నెల, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 తిత్లీ కూడా అక్టోబరే, ఆ నెలలో ఒక వారం పది రోజులు ప్రాక్టీస్ పోయిందనే లెక్కేసుకోవాలి. మొదటి నెల రోజూ 5 కిలోమీటర్లు ఖాళీ చేతులతో, రెండో నెల బ్యాగ్ తగిలించుకుని, మూడో నెల ఆదివారం ఆదివారం 12-15 కిలోమీటర్లు. అసలు చూడాల్సింది ఒక రోజు ఎంత నడిచామన్నది కాదు, శనివారం నడిచిన కాళ్లతో ఆదివారం మళ్లీ నడవగలుగుతున్నామా అన్నది. ట్రెక్‌లో కుప్పకూలేది ఎక్కువగా రెండో రోజే. కనీసం మూడుసార్లయినా వరసగా రెండు రోజులు నడిచి చూసుకోండి.

గోపాల్‌పూర్ బీచ్‌లో నడిస్తే సరిపోతుందా?

మనకి దొరికిన అదృష్టం అది, హైదరాబాద్ వాళ్లకి లేదు. కానీ మనవాళ్లందరూ నీళ్ల అంచున తడి ఇసుక మీద నడిచి వచ్చి "బీచ్‌లో 8 కిలోమీటర్లు కొట్టాను" అంటారు, తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అది రోడ్డు మీద నడిచినట్టే. అల రాని చోట, సర్వి తోటల వైపు, కాలు దిగబడే పొడి ఇసుకలో నడవాలి. గట్టి నేలతో పోలిస్తే ఇసుకలో నడకకి రెండు నుంచి రెండున్నర రెట్లు శక్తి ఖర్చవుతుంది, అడుగు వేసినప్పుడు ఇసుక పక్కకి జరిగిపోతుంది, మీరు తోసిన తోపులో సగం దానికే పోతుంది. పిక్కలు, మడమ వెనక నరం, చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలు ముందు అరుస్తాయి. అందుకే మొదట్లో 20 నిమిషాలకి మించొద్దు, వారానికి పది నిమిషాలు చొప్పున పెంచండి. షూతోనే నడవండి, చెప్పులు విప్పి ఉత్తికాళ్లతో నడిస్తే హాయిగా ఉంటుంది గానీ ట్రెక్‌కి పనికొచ్చే ప్రాక్టీస్ కాదు. రుషికుల్య మొగ వైపు మాత్రం ఫిబ్రవరి, మార్చిలో వెళ్లకండి, తాబేళ్లు గుడ్లు పెట్టే టైం, వాటి జోలికి మనం పోకూడదు.

మాది గుణుపురం, ఇక్కడ సముద్రం లేదు. ఎలాగ?

వంశధార ఉంది కదా. వర్షాలు తగ్గి నీళ్లు ఒక పక్కకి పోయాక బయటపడే ఇసుక మేట మీద నడవండి, బీచ్ కన్నా ఒక రకంగా అదే మేలు, ఎత్తుపల్లాలుంటాయి. రాయగడ వాళ్లకి నాగావళి. అదీ కుదరకపోతే మెట్లు ఎక్కండి, తారాతారిణి కొండకి 999 మెట్లు, బ్యాగ్‌తో ఎక్కి దిగితే పిక్కలు, తొడలు రెండూ గట్టిపడతాయి. పర్లాకిమిడి వైపు వాళ్లు ఒకసారి మహేంద్రగిరి ఎక్కి రండి, 1501 మీటర్లు, రోజంతా కాళ్ల మీద ఉండటం ఏంటో ఒంటికి తెలుస్తుంది.

నేను రోజూ జిమ్‌కి వెళ్తాను, వేరే ప్రాక్టీస్ కావాలా?

కావాలి. ట్రెడ్‌మిల్ బెల్టు కాలికింద జారదు. జిమ్‌లో ఏదైనా చేస్తానంటే మడమలు ఎత్తి మునివేళ్ల మీద లేచే పిక్కల ఎక్సర్‌సైజు, ఒంటికాలి మీద నిలబడటం చేయండి, మిగతాదంతా అద్దం కోసం.

## సామాన్లు సర్దేటప్పుడు

షూ ఎలాంటిది కొనాలి? చెప్పులతో, సాండల్స్‌తో నడవలేమా?

సాండల్స్ క్యాంపులో వేసుకోడానికి తీసుకెళ్లండి, నడవడానికి కాదు. ఇసుక వేళ్ల సందుల్లోకి చేరి పట్టీ కింద రాపిడి పెడుతుంది, పైగా అక్కడ భురట్ అని ఒక గడ్డి ఉంటుంది, దాని ముళ్ల గింజలు సాక్స్‌కీ కాలికీ అంటుకుంటే తీయలేక చావాలి. షూ తేలిగ్గా, చీలమండ పైదాకా వచ్చేది అయితే చాలు, వాటర్‌ప్రూఫ్ వద్దు, లోపల వేడి, తడి రెండూ బయటికి పోవు. సైజు మాత్రం అర నంబరు పెద్దది, సాయంత్రం పూట కొనండి, రోజంతా నడిచాక పాదం వాచే ఉంటుంది కాబట్టి అప్పుడు సరిపోయిందే సరైన సైజు. కొత్త షూతో ట్రెక్‌కి వెళ్లొద్దు, కనీసం 80-100 కిలోమీటర్లు దాంతో నడిచి ఉండాలి. షూ నోటి దగ్గర చుట్టుకునే గెయిటర్ తప్పనిసరి. దొరక్కపోతే పాత లెగ్గింగ్ గుడ్డ కత్తిరించి షూ మీదికి లాగి కుట్టించుకోండి, మన టైలర్ పది నిమిషాల్లో కుట్టేస్తాడు.

బ్యాగ్ ఎంత బరువు ఉండొచ్చు?

మీ బరువులో పదో వంతు, మరీ అయితే ఏడో వంతు. 60 కిలోల మనిషికి నీళ్లతో కలిపి 6 నుంచి 8 కిలోలు. నీళ్లే లీటరుకి కిలో, మూడు లీటర్లంటే మూడు కిలోలు పోయాయి, ఇంక మిగతాదానికి ఎంత చోటుందో మీరే చూసుకోండి. బరువైనవి ఒంటె మీదో జీపు మీదో పంపేయండి, అందులో పరువు పోయేదేం లేదు.

బట్టలు? ఎండ కాబట్టి షార్ట్స్, టీషర్ట్ చాలా?

చాలవు. ఫుల్ చేతుల వదులు చొక్కా, ఫుల్ ప్యాంటు. అక్కడివాళ్లు ఒళ్లంతా కప్పుకునే తిరుగుతారు, ఊరికే కాదు, గుడ్డ ఎండని ఆపుతుంది, చెమట ఆవిరవడాన్ని కాస్త నెమ్మదిస్తుంది. తలకి అంచున్న టోపీ, మెడకి తడిపి చుట్టుకోడానికి ఒక తువ్వాలు, మన సంబల్‌పురీ గంచా అయితే ముక్కుకి కట్టుకోడానికి కూడా పనికొస్తుంది. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 పైన, పెదాలకి వాజలైన్. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కళ్లజోడుతో వెళ్లండి, ఇసుక ఒక్క రేణువు చాలు. పొడిగాలికి ముక్కు లోపల చీరుకుని రక్తం కూడా రావచ్చు, రాత్రి పడుకునేముందు ముక్కులో కొంచెం వాజలైన్ రాసుకుంటే రాదు.

ఇంటి నుంచి తినడానికి ఏం తీసుకెళ్లాలి?

ఉప్పు, తీపి, కాస్త నూనె ఉన్నవి. వేరుశెనగ చిక్కీ, వేపిన అటుకుల్లో పల్లీలు, పుట్నాలు కలిపింది, ఖర్జూరం, ఉప్పు నిమ్మకాయ ముక్క. బరంపురం అప్పడాలు, ఆవకాయ కూడా పట్టుకెళ్లండి, నిప్పుల మీద కాల్చిన అప్పడం చూసి మిగతా గ్రూపు మీ చుట్టూ చేరకపోతే అడగండి. అక్కడ పెట్టేది సజ్జ రొట్టె, పప్పు, కేర్ సాంగ్రీ కూర. సాంగ్రీ అంటే మరేం కాదు, దసరాకి మనం మొక్కే జమ్మిచెట్టు కాయలే. అన్నం రెండు పూటలా ఉండదు, అలవాటు లేనివాళ్లు పది రోజుల ముందు నుంచే రాత్రి రొట్టె తినడం మొదలుపెట్టండి, కొత్త తిండికి కడుపు తిరగబడితే ఎడారిలో నీళ్లు పోయేది అటు నుంచే.

## నడుస్తున్నప్పుడు

రోజుకి ఎన్ని నీళ్లు తాగాలి? దాహం వేసినప్పుడు తాగితే చాలదా?

చలికాలం ట్రెక్‌లో నాలుగైదు లీటర్లు, అందులో మూడు నడకలోనే. ఎండలో బరువుతో గట్టిగా నడిస్తే గంటకి ఒక లీటరు దాకా చెమట పోగలదు. దాహం లేటుగా వస్తుంది, చల్లగాలి వేస్తున్నప్పుడు అసలు రాదు కూడా, అందుకే 20 నిమిషాలకోసారి నాలుగు గుక్కలు అని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. సరిపోతున్నాయా లేదా అన్నది మూత్రం రంగు చెప్తుంది, లేత గడ్డి రంగులో ఉంటే బాగున్నట్టు, ముదురు పసుపైతే వెనకబడ్డట్టు, మధ్యాహ్నం దాకా అసలు రాకపోతే ఆగిపోయి గైడ్‌కి చెప్పాల్సిందే. దీనికి సిగ్గుపడేవాళ్లు, ముఖ్యంగా చాటు దొరకదని నీళ్లు తగ్గించే ఆడవాళ్లు, చాలామంది ఉంటారు, దయచేసి ఆ పని చేయొద్దు. ఆ వైపు భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ, కాబట్టి కనిపించిన బావిలో నింపుకోకుండా గైడ్ చెప్పిన నీళ్లే తాగండి.

ఎక్కువ తాగితే మంచిదేగా? నష్టమేంటి?

ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే ఒంట్లో సోడియం పలచబడిపోతుంది, తలనొప్పి, వికారం, తికమక, ముదిరితే ఫిట్స్ కూడా. చూడ్డానికి నీళ్లు చాలక వచ్చినట్టే ఉంటుంది, పక్కవాళ్లు ఇంకా నీళ్లు పట్టిస్తారు, అదీ ప్రమాదం. రోజుకి ఒక లీటరు ఓఆర్ఎస్ కలిపి తాగండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లన్నారో అన్నే పోయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచా, తల కొట్టి. ఎనర్జీ డ్రింకులు దానికి బదులు కావు.

ఇసుక దిబ్బ ఎక్కుతుంటే రెండడుగులు ముందుకి ఒకటి వెనక్కి. ఏదైనా కిటుకుందా?

ఉంది. దిబ్బకి గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా అణిగి ఉంటుంది, అటు వైపు నుంచి ఎక్కండి. రెండో వైపు 30 డిగ్రీలు దాటిన వాలు, ఇసుక జారుతూనే ఉంటుంది, అది దిగడానికి. నిటారుగా కాకుండా ఏటవాలుగా ఎక్కాలి, చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి, మునివేళ్లతో తోయకుండా, ముందువాడి అడుగులోనే మీ అడుగు వేస్తూ. అందరికన్నా ముందు నడిచేవాడే ఎక్కువ అలిసిపోతాడు కాబట్టి పావుగంటకోసారి మనిషిని మార్చండి. వీలైనంత దూరం దిబ్బల మధ్య పల్లంలోనే నడవాలి. ఒక విషయం అందరూ మర్చిపోతారు, థార్ అంతా దిబ్బలు కాదు, రాళ్లనేల, తుప్పలు, ఎండిన గడ్డి మైదానం కూడా బోలెడు, అక్కడ మామూలుగానే నడవొచ్చు, ఊపిరి తీసుకోడానికి అవే.

కాలికి బొబ్బలు లేస్తే ఏం చేయాలి?

లేవకముందే ఆపాలి. బొబ్బకి ముందు ఆ చోట చురుక్కుమని వేడిగా అనిపిస్తుంది, పదడుగుల్లో ఆగిపోయి షూ విప్పండి, "తర్వాతి బ్రేక్‌లో చూద్దాంలే" అన్నవాళ్లే మూడో రోజు జీపు ఎక్కుతారు. ఇసుక దులిపి, కాలు ఆరబెట్టి, ఆ చోట టేపు ముడతల్లేకుండా వేసి మళ్లీ నడవండి. మధ్యాహ్నం తప్పకుండా సాక్స్ మార్చాలి, విప్పింది బ్యాగ్ వెనక పిన్నుతో తగిలిస్తే ఆ గాలికి అరగంటలో ఆరుతుంది, పొడిగాలి మనకి చేసే ఒకే ఒక్క ఉపకారం ఇది. బొబ్బ చిన్నదైతే చిదపకండి. పెద్దదై అడుగు వేయనివ్వకపోతే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున పొడిచి నీరు తీసేసి, పైచర్మం మాత్రం ఊడదీయకుండా మందు రాసి కప్పేయండి. షుగర్ ఉన్నవాళ్లు సూది జోలికి పోవద్దు.

వడదెబ్బ అని ఎలా గుర్తుపట్టాలి?

మన దగ్గర ఇది చెప్పక్కర్లేదు, 1998 ఎండలకి ఒడిశాలో రెండు వేల మందికి పైగా పోయారు, ఆ ఏడాది గుర్తున్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. చలికాలం ట్రెక్‌లో అరుదు, కానీ ఫిబ్రవరి చివర్లో, బరువుతో వేగంగా నడిస్తే రావచ్చు. నీరసం, వికారం, బాగా చెమట, గుండె దడ ఇవి మొదటి దశ, నీడలో పడుకోబెట్టి ఓఆర్ఎస్ ఇస్తే తేరుకుంటారు. మాట తడబడటం, తిక్కగా మాట్లాడటం, నడక తూలడం, ఒళ్లు కాలిపోతుండటం కనిపిస్తే అది వడదెబ్బే, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటినట్టు. ఒక్క నిమిషం ఆలోచించొద్దు, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి బట్టతో గట్టిగా విసరండి, స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, 112కి ఫోన్ చేసి బండి తెప్పించండి. తాగే నీళ్లు అయిపోతాయేమో అని దాచిపెట్టే టైం కాదది.

ఇసుక తుఫాను వస్తే పరిగెత్తాలా?

ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగాలి. చలికాలంలో పెద్దవి తక్కువ, గట్టి గాలి మాత్రం లేస్తుంది. ఒకరినొకరు చూసుకునేంత దగ్గరగా, గాలికి వీపు పెట్టి కూర్చుని ముక్కు, నోరు తడిగుడ్డతో కప్పుకోండి. 1994లో సహారాలో జరిగే మారథాన్ దె సాబ్ల్ పరుగులో మౌరో ప్రొస్పెరి అనే ఇటలీ ఆయన తుఫానులో ఆగకుండా ముందుకెళ్లి దారి తప్పి, మొరాకోలో మొదలైన మనిషి వారం దాటాక అల్జీరియాలో తేలాడు. బతికాడు, కానీ ఎలా బతికాడో చదివితే మీరు కదలరు.

కాళ్లు నొప్పెడితే ఒంటె ఎక్కేయొచ్చుగా?

ఎక్కొచ్చు, రెస్ట్ అవుతుందని మాత్రం అనుకోకండి. గంట కూర్చుంటే తొడల లోపలివైపు, నడుము పట్టేస్తాయి, దిగాక నడక ఇంకా వంకర అవుతుంది.

నెలసరి ఆ రోజుల్లోనే వచ్చేలా ఉంది, మానుకోవాలా?

అక్కర్లేదు. ఆ రోజుల్లో నొప్పి ఎలా ఉంటుందో మీకే తెలుసు, భరించగలిగితే నడవొచ్చు. ప్యాడ్‌ రాపిడికి తొడలు ఒరుసుకుపోతాయి, కొబ్బరినూనో వాజలైనో ముందే రాసుకోండి. కప్ వాడేవాళ్లకి చేతులు కడుక్కోడానికి విడిగా ఒక బాటిల్ నీళ్లుండాలి. వాడినవి ఇసుకలో పూడ్చొద్దు, గాలికి రెండ్రోజుల్లో పైకి తేలతాయి, జిప్ కవర్లో పెట్టి వెనక్కి తేవాలి. తేదీ జరపడానికి మాత్రలు వేసుకునే ఆలోచన ఉంటే ముందుగా డాక్టర్ని అడగండి.

## రాత్రి క్యాంపులో

ఎడారిలో చలేంటండీ, స్వెట్టర్ కూడా కావాలా?

స్వెట్టర్ కాదు, జాకెట్ కావాలి. గాల్లో తేమ లేదు, ఆకాశంలో మబ్బు లేదు, పగలు పట్టిన వేడంతా సూర్యుడు దిగగానే పైకి పోతుంది. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున 7-8 డిగ్రీలు మామూలు, కొన్ని రాత్రులు ఇంకా కిందకి దిగుతుంది. సముద్రం పక్కన పెరిగిన మనకి పగటికీ రాత్రికీ అంత తేడా అలవాటు లేదు. క్యాంపు చేరగానే, చలి వేయకముందే, చెమట చొక్కా మార్చి పొడిది వేసుకోండి. మంకీ క్యాప్, ఉన్ని సాక్స్, కింద మందంగా పరుపు ఉండాలి, చలి పైనుంచి కన్నా కింద నుంచే ఎక్కువ లాగుతుంది. దుప్పటి ఒక్కటే పైన కప్పుకుని పడుకుంటే తెల్లార్లూ మెలకువే.

పాములు, తేళ్లు ఉంటాయట కదా?

ఉంటాయి, చిన్న పింజర జాతి పాము అక్కడ మామూలే, తేళ్లూ ఉంటాయి. చలికాలంలో బాగా తగ్గుతాయి. టెంట్ జిప్ ఎప్పుడూ వేసే ఉంచండి, పొద్దున్నే షూ బోర్లించి దులిపాకే కాలు పెట్టండి, కట్టెలు ఏరేటప్పుడు, రాత్రి బయటికెళ్లేటప్పుడు టార్చ్ ఉండాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం లాంటివి చేయకుండా, కాలు కదపనీయకుండా ఆసుపత్రికి.

## తిరిగొచ్చాక

వచ్చి వారమైంది, పిక్కలు ఇంకా పట్టేసి ఉన్నాయి. మామూలేనా?

నాలుగైదు రోజులు మామూలు. నెమ్మదిగా నడుస్తూ ఉంటే తొందరగా వదులుతుంది, మంచం ఎక్కేస్తే లేటవుతుంది. ఒక కాలు పిక్కే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే మాత్రం నూనె రాసి మర్దన చేయకండి, రెండ్రోజుల రైలు ప్రయాణం తర్వాత రక్తం గడ్డకట్టి కూడా అలా అవుతుంది, అదే రోజు డాక్టర్‌కి చూపించండి. మూత్రం కోకాకోలా రంగులో వచ్చినా అంతే, ఆగొద్దు.

బొటనవేలి గోరు నల్లబడింది, ఊడిపోతుందా?

బహుశా ఊడుతుంది. దిగేటప్పుడు వేలు షూ ముందుభాగానికి కొట్టుకుని గోరు కింద రక్తం చేరితే అలా అవుతుంది. నొప్పి లేకపోతే వదిలేయండి, పీకొద్దు, కింద కొత్త గోరు వస్తూ పాతదాన్ని అదే తోసేస్తుంది, మొత్తం రావడానికి ఏడాది పైనే పడుతుంది. టపటపా కొట్టుకునే నొప్పి ఉంటే, చీము పడితే చూపించుకోండి. తర్వాతి ట్రెక్‌కి ముందు గోళ్లు అడ్డంగా, చిన్నగా కత్తిరించుకుని, దిగేముందు షూ లేసు చీలమండ దగ్గర గట్టిగా బిగించుకుంటే వేలు ముందుకి జారదు.